గడువు తీరిన నకలు

రేవు తంతి ఆఫీసు,
మార్చి 15.

అక్కకు,

క్షేమమా అని అడగను. నువ్వు క్షేమంగా ఉంటే రెండు వారాలకోసారి నన్ను తిడుతూ రాసేదానివి. తిట్లు రాక నెల దాటింది కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను. తపాలాలో వేస్తే ఎవడో ఒకడు విప్పి చదివి, సగం పంక్తులకి నల్ల సిరా పూసి పంపుతాడు. అందుకే దీన్ని సంచీల తాత చేతికిస్తున్నాను. ఆఫీసు సంచీని ఎవరూ విప్పరు, తాతకి చదువు రాదు, ఇంతకంటే భద్రం ఏముంటుంది.

ఫిబ్రవరి నాలుగున మా రేవులో పన్నెండింటి లాంచీ పేలిపోయిన సంగతి నువ్వు పేపర్లో చదివే ఉంటావు. అందులో వెయ్యనిది నేను చెబుతాను. ఆ పొద్దున నదిలో మందుపాతరలు వేసింది మన సైన్యమే. పడవలన్నీ ఆపమని మీ పెద్దాఫీసు నుంచి నాకు తంతి రావాలి. వచ్చింది. లాంచీ పన్నెండింటికి బయల్దేరింది, చప్పుడు పన్నెండుంబావుకి వినపడింది, పడవలు ఆపమన్న తంతి పన్నెండూ నలభై ఎనిమిదికి వచ్చింది. అప్పటికి ఊరు ఊరంతా రేవులో ఉంది. ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను, తంతి కొట్టే కీ వదిలి లేవకూడదు కాబట్టి. ముప్పై ఎనిమిది మంది పోయారు. వాళ్ళలో మా మామగారు ఒకరు.

నెల రోజులు ఎవరూ ఏమీ అడగలేదు. సైన్యంవాళ్ళే ఆలస్యంగా చెప్పి ఉంటారని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఇప్పుడు సైన్యంవాళ్ళేమో పదకొండూ అయిదుకే పెద్దాఫీసుకి ఇచ్చామంటున్నారు. పెద్దాఫీసు సూపర్‌వైజరు పదకొండూ పదిహేనుకి పంపేశామని రాసిచ్చాడు. అంటే గంటన్నర సేపు ఆ కాగితం నా కిందేసుకుని కూర్చున్నది నేనన్నమాట. మా ఆఫీసు పెద్దాయన నిన్న నా ఎదురుగా కూర్చుని, "మరి నీ కాగితం ఏదోయ్, చూపించు, దాని మీద టైముంటుందిగా" అన్నాడు.

నా కాగితం లేదు. మార్చి ఆరున, అంటే సరిగ్గా ముప్పయ్యో రోజున, ఇద్దరు సాక్షుల ముందు తగలబెట్టి బూడిదలో నీళ్ళు పోసి కలిపాను. చిన్న ఆఫీసులు ముప్పై రోజులకి, పెద్దాఫీసు తొంభై రోజులకి తంతి కాగితాలన్నీ కాల్చెయ్యాలని యుద్ధం ఉత్తర్వు. కాగితాలు శత్రువు చేతిలో పడకూడదట. పక్క ఊరి ఆఫీసువాడు బద్ధకించి రెండు నెలల కట్టలు అటక మీద పడేశాడు, వాడికేమో ఏ బాధా లేదు. నేను ఉత్తర్వు తూచా తప్పకుండా పాటించాను, నన్ను నువ్వు పెంచిన పెంపకం అది.

మీ రికార్డు గదిలోని నకలు మాత్రం మే అయిదు దాకా ఉంటుంది. నంబరు నూట పద్నాలుగు. మీకు ఎప్పుడు అందిందో, ఎప్పుడు పంపారో రెండు సమయాలూ దాని మీద ఉంటాయి. ఒకసారి తీసి చూడు. ఫిర్యాదు ఉన్న నకలుని ఎర్ర సంచిలో వేసి, విచారణ తేలేదాకా కాల్చకుండా ఉంచుతారట కదా. నేను ఫారం నింపి పంపనా, నువ్వే చూసుకుంటావా? నాకు తెలిసిన చట్టమల్లా నువ్వే.

నా మేనకోడలు పిచ్చుక ఎలా ఉంది? కీ మీద ఇంకా ఆ ఊపుతోనే కొడుతోందా? ఏ షిఫ్టులో వేస్తున్నారు దాన్ని?

నీ తమ్ముడు.


పెద్దాఫీసు, రికార్డు గది,
మార్చి 24.

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. మీ మామగారి సంగతి విని మనసు పాడైపోయింది. మంచి మనిషి, నీ పెళ్ళిలో వంటవాళ్ళతో దెబ్బలాడి మరీ అందరికీ వడ్డించాడు. మరదలికి ధైర్యం చెప్పు. నేను రాలేను, సెలవులన్నీ రద్దు చేశారు.

ఇక్కడ నా అవస్థ ఏమని చెప్పను. కిటికీలకి నల్లరంగు వేశారు కాబట్టి పగలే దీపం పెట్టుకుని పని. రోజూ తొంభై రోజుల కిందటి కట్టలు దింపడం, నంబరు నంబరుకీ రిజిస్టరులో టిక్కు పెట్టడం, పెరట్లో ఇనప పీపాలో వెయ్యడం, బూడిద కలపడం. జుట్టులో, చీర మడతల్లో, తాగే నీళ్ళలో అంతా బూడిదే. నాకు తోడుగా ఇచ్చిన గుమాస్తా మూడు వందల దాకా లెక్కపెట్టలేడు. నువ్వేమో ఒక్క కాగితం తీసి చూడమని తేలిగ్గా రాశావు. ఫిబ్రవరి కట్టలు వెనక వరసలో, పై అరలో ఉన్నాయి. చూస్తాను, కంగారుపెట్టకు.

ఫారం మాత్రం పంపకు. నా మాట విను. ఫిర్యాదు అని పడితే అది నా చేతుల్లోంచి పోతుంది, పది బల్లలు తిరుగుతుంది, పదిమంది దాని మీద ఏదో ఒకటి రాస్తారు. సూపర్‌వైజరు పగబట్టే రకం. పైగా యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ పెద్దాఫీసు మొత్తం సైన్యం కిందికి వచ్చింది. ఇక్కడ చిన్న తప్పుకి కూడా సైనిక కోర్టే. మీరు ఇంకా మామూలు డిపార్టుమెంటు కిందే ఉన్నారు, అదృష్టవంతులు. నోరు మూసుకుని నీ పని నువ్వు చేసుకుంటూ పో. రెండు నెలల్లో అందరూ మరిచిపోతారు. ఆ కాగితం సంగతి నాకు వదిలెయ్.

పిచ్చుకని కీ మీద నుంచి తీసేసి ఫారాలు అమ్మే కౌంటరులో వేశారు. ఒంట్లో బాగుండటం లేదు, సరిగ్గా తినడం లేదు. వయసు, ఏముంది. దానికి నువ్వు ఉత్తరాలు రాయకు, మనసు చెదురుతుంది.

అక్క.


రేవు తంతి ఆఫీసు,
ఏప్రిల్ 3.

అక్కా,

నువ్వు వద్దన్నావు కాబట్టి ఫారం పంపలేదు. నింపి సొరుగులో పెట్టుకున్నాను. సంచీల తాత కూడా, "పంపు బాబూ, నీ ఉద్యోగం నీ చేతుల్లో ఉన్నప్పుడే పంపు" అన్నాడు. చదువు రాదన్న మాటే గాని ఆయనకి తెలియని ఉత్తర్వు లేదు. మా అక్క ఉందిలే తాతా అన్నాను.

ఉద్యోగం గురించి కాదు నా బాధ. ఆ రోజు జరిగినదంతా నీకు చెప్పలేదు. పదకొండూ నలభైకి మా మామగారు ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చారు, వెళ్ళొస్తానని చెప్పడానికి. కొత్త చెప్పులు కరుస్తున్నాయని కాసేపు ఆ చెప్పుల షాపువాణ్ణి తిట్టారు. తర్వాత, "లాంచీ టైముకే పోతుందా అల్లుడూ, లేక మీ సైన్యంవాళ్ళు ఏమైనా అడ్డం పెట్టారా?" అని అడిగారు. "ఏ కబురూ లేదు మామయ్యా, నిశ్చింతగా వెళ్ళిరండి" అన్నాను. కిటికీ దగ్గర వరసలో ముగ్గురు నిలబడి ఉన్నారు. ముగ్గురూ విన్నారు. ఇప్పుడు ముగ్గురూ ఊరంతా అదే చెబుతున్నారు, కబురు బల్ల మీద పెట్టుకుని మామగారితో చెప్పుల కబుర్లు చెప్పాడని.

నీ మరదలు నాతో మాట్లాడి ఇరవై రోజులైంది. వండుతుంది, పెడుతుంది, పిల్లలతో చెప్పిస్తుంది. "మీ నాన్నని వడ్డించుకోమను" అంటుంది, నేను రెండడుగుల దూరంలో ఉండగానే. మొన్న ఒక్కసారి నోరు విప్పింది. "చప్పుడు విన్నాక కూడా మీరు ఆ కుర్చీలోంచి లేవలేదు" అంది. కీ వదలకూడదని చెప్పబోయాను. "నాకు తెలుసు, రూలు" అని లోపలికి వెళ్ళిపోయింది. మా ఇద్దరికీ పన్నెండేళ్ళ కాపురం. ఆ మనిషి నన్ను చూసే చూపు నువ్వు చూస్తే, నీ కట్టలన్నీ కిందికి లాగైనా ఆ కాగితం వెతుకుతావు.

నాకు కాగితం కూడా వద్దక్కా. నువ్వు చూసి, "పంపిన సమయం ఇంత" అని ఒక్క ముక్క రాసి పంపు. ఆమెకి చూపిస్తాను. నీ మాట మీద ఆమెకి గురి. ఇంకెవరికీ చూపించను, పిల్లల మీద ఒట్టు.

తమ్ముడు.


పెద్దాఫీసు,
ఏప్రిల్ 14.

తమ్ముడూ,

చూశాను. పై అరలో వాన నీళ్ళు కారి కట్ట తడిసింది. నూట పద్నాలుగు ఉంది కాని, సమయాలు వేసిన మూల సిరా అంతా కలిసిపోయింది. ఏమీ కనపడటం లేదు. కనపడని దాన్ని ఎర్ర సంచిలో వేసి ఏం లాభం?

ఇక దీని గురించి రాయకు. నాకు ఇక్కడ ఊపిరాడటం లేదు. బావ పోయాక ఈ ఉద్యోగం పట్టుకుని ఆ పిల్లని ఎలా పెంచానో నీకు తెలుసు. నీకు మహా అయితే ఉద్యోగం పోతుంది. పోతే పోయింది, చేతిలో పనుంది, రేడియోలు బాగుచేసుకుని బతకొచ్చు. మరదలి కోపం ఎన్నాళ్ళుంటుంది, ఆడదాని కోపం నీళ్ళ మీద రాత.

ఆరోగ్యం చూసుకో.

అక్క.


రేవు వీధి,
ఏప్రిల్ 27.

పెద్దాఫీసు రికార్డు గది అధికారిణి గారికి,

అమ్మా,

ఫిబ్రవరి నాలుగో తేదీన మీ ఆఫీసు నుంచి రేవు ఆఫీసుకు పంపిన నూట పద్నాలుగో నంబరు తంతి ఆలస్యంగా అందిన విషయమై ఇందుమూలంగా ఫిర్యాదు చేసుకుంటున్నాను. విచారణ పూర్తయ్యే వరకూ సదరు నకలును ఉన్నది ఉన్నట్టుగా, తడిసినది తడిసినట్టుగా భద్రపరచవలసిందిగా కోరుతున్నాను. ఈ నెల ఇరవయ్యో తేదీన నన్ను విధుల నుంచి తప్పించినందువల్ల ఆఫీసు చిరునామాకు బదులు ఇంటి చిరునామా ఇస్తున్నాను.

ఇట్లు,
తంతి గుమాస్తా (సస్పెన్షన్‌లో).


పెద్దాఫీసు, రికార్డు గది,
మే 6.

తంతి గుమాస్తా (సస్పెన్షన్‌లో) గారికి,

మీ ఏప్రిల్ 27 నాటి ఫిర్యాదుకు జవాబు.

యుద్ధకాల ఉత్తర్వు ప్రకారం ఫిర్యాదు విధుల్లో ఉన్న ఉద్యోగి నుంచి, అతని ఆఫీసు పెద్ద సంతకంతో రావలెను. మీ ఫిర్యాదుకు ఈ రెండు అర్హతలూ లేనందున స్వీకరించడం వీలుపడలేదు. ఫారం ఇందువెంట తిప్పి పంపడమైనది.

నూట పద్నాలుగో నంబరు నకలు గడువు తీరినందున మే 5న ఇద్దరు సాక్షుల సమక్షంలో దహనం చేయబడినది. ఈ విషయమై ఇకపై ఉత్తరప్రత్యుత్తరాలు జరపబడవు.

రికార్డు గది అధికారిణి.


ఇల్లు,
మే 20.

తమ్ముడూ,

నీ కేసు డిపార్టుమెంటు నుంచి కోర్టుకి వెళ్ళిందని నిన్న సంచీల తాత చెప్పాడు. జూన్ పదిహేడున విచారణట, జైలు తప్పదంటున్నారట. నాకు ఇది తెలియదు. నిజంగా తెలియదు. ఉద్యోగంతో పోతుందనుకున్నాను. ఉద్యోగం ఒక్కటే అనుకున్నాను కాబట్టే ఆ పని చెయ్యగలిగాను.

ఆఫీసు జవాబు నేనే రాశాను. మూడు సార్లు చించి రాశాను. ఆఫీసు భాషలో రాస్తేనే చివరిదాకా రాయగలిగాను.

కాగితం తడవలేదు. వాన లేదు, ఏమీ లేదు. నువ్వు మొదటి ఉత్తరం రాయకముందే, ఫిబ్రవరి అయిదున కట్ట కట్టేటప్పుడే దాన్ని చూశాను. అందిన సమయం పదకొండూ పది. పంపిన సమయం పన్నెండూ నలభై ఎనిమిది. కింద పొడి సంతకం పిచ్చుకది.

దాని తప్పు కాదురా. ముందురోజు సాయంత్రం ఎక్కిన డ్యూటీ, మనుషులు లేరని సూపర్‌వైజరు దిగనివ్వలేదు. ఈ యుద్ధంలో అన్ని కాగితాల మీదా "అత్యవసరం" అనే ముద్రే. దుప్పట్లు అత్యవసరం, బొత్తాలు అత్యవసరం, ఎవరో పెద్ద ఆఫీసరుకి పుట్టినరోజు శుభాకాంక్షలు అవీ అత్యవసరం. ముద్ర ఒకటే అయితే వచ్చిన వరసలో పంపాలని రూలు. దాని ముందు ముప్పై ఒక్క కాగితాలున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి వరసగా కొట్టుకుంటూ పోయింది. కొట్టేవాళ్ళకి అక్షరాలు కనపడతాయి గాని అర్థం ఎక్కడ ఎక్కుతుంది, నీకు తెలియనిదా. వరస తప్పించి చూడాల్సినవాడు సూపర్‌వైజరు. వాడు భోజనానికి పోయాడు. వచ్చి చూసి, పదకొండూ పదిహేనని రిపోర్టు రాసుకున్నాడు. నాతో, "మీ అమ్మాయి సంతకం మీ చేతుల్లోనే ఉందమ్మా, మీ ఇష్టం" అన్నాడు.

సైనిక కోర్టులో వరసల గురించి ఎవరు వింటారు? మొన్న జనవరిలో ఇలాంటిదానికే ఒక గుమాస్తాని గోడకి నిలబెట్టి కాల్చారు. పిచ్చుకకి పంతొమ్మిదేళ్ళు.

ఇంకోటి కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర రాదు, చెబితే నువ్వు నా ముఖం చూడవు. లాంచీ సంగతి తెలిసినప్పటి నుంచీ అది, "అమ్మా, ఆ కాగితం నేను కొట్టిందేనా, ఎప్పుడు కొట్టాను?" అని అడుగుతూనే ఉంది. రోజుకి రెండొందలు కొట్టేదానికి ఏది ఎప్పుడు కొట్టిందో ఏం గుర్తుంటుంది. తిండి మానేసింది. ఒకరోజు కౌంటరులో పడిపోయింది. అప్పుడు చెప్పాను, నువ్వు పంపింది టైముకే వెళ్ళింది, మామయ్యే చూసుకోలేదని. నమ్మింది. నమ్మిన రోజు నుంచీ అన్నం తింటోంది. నిన్ను తిట్టుకుంటూ తింటోంది.

నిన్ను చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగాను. నీకు నేను ద్రోహం చేశానని రాయడానికి నాకు ఇంత కాలం పట్టింది. రూలు ప్రకారం నేను ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. రిజిస్టరు ఎవరు తీసి చూసినా వంక పెట్టలేరు.

ఈ ఉత్తరం చదివి ఏం చేస్తావో నీ ఇష్టం. నేను అడగను.

అక్క.


కోర్టు వెనక గది,
జూన్ 17.

అక్కా,

అయిదేళ్ళు వేశారు. బండి వచ్చేదాకా ఈ గదిలో కూర్చోబెట్టారు, బల్లా కాగితమూ ఉన్నాయి. సంచీల తాత బయట నిలబడి ఉన్నాడు. కాపలావాడు వాళ్ళ ఊరివాడేనట, ఈ ఉత్తరం తీసుకుపోనిస్తాడు.

నీ ఉత్తరంలో నాకు కొత్త సంగతి ఒక్కటే, ముప్పై ఒక్క కాగితాలు. మిగిలింది నాకు ఫిబ్రవరి నాలుగునే తెలుసు. తంతి కొట్టేవాళ్ళకి ఒకరి చెయ్యి ఒకరికి తెలిసిపోతుంది, గొంతు తెలిసినట్టే. పిచ్చుకకి కీ నేర్పింది నేను. మీ వంటింటి బల్ల మీద చెంచాతో నేర్పాను, వేసవి సెలవులంతా. ప్రతి మాట చివరా కాస్త తొందరపడుతుంది, ఎంత చెప్పినా మానుకోలేదు. ఆ పన్నెండూ నలభై ఎనిమిదికి చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే ఆ చెయ్యి వినపడింది. పడవలు ఆపండి అని అదే తొందరతో కొట్టింది. నేను రాసుకున్నాను, నా సంతకం పెట్టాను. మీ ఇంటి దీపం ఆర్పే కాగితం అదని నాకు అప్పుడే తెలుసు. కాబట్టి ముప్పయ్యో రోజున నా కాగితాన్ని తగలబెట్టింది రూలు కోసమే అని నీకు రాసింది సగం నిజం. ఇంకా ఎవరూ ఏమీ అడగని రోజులవి. తొందరగా బూడిదైపోతే మంచిదనుకున్నాను.

అలాంటప్పుడు మీ నకలు ఎందుకు అడిగానంటావా? కాల్చేటప్పుడు ఇది నా మీదికి వస్తుందని నేను అనుకోలేదు. వచ్చాక ఇంట్లో ఆ చూపు భరించలేకపోయాను. సమయం ఉన్న మూల ఒక్కటి ఆమెకి చూపిద్దామనుకున్నాను. కింద పొడి సంతకం మీద బొటనవేలు పెట్టి చూపిద్దామనుకున్నాను. అదీ నా ఎత్తు. అందుకే ఫిర్యాదు నీ ఇష్టానికి వదిలాను, పిచ్చుక ఏ షిఫ్టులో ఉందని అడిగాను. నువ్వే చెబుతావని చూశాను. తమ్ముడూ, ఇదీ సంగతి, ఏం చేద్దాం అంటావని చూశాను. వాన నీళ్ళన్నావు. ఆ ఉత్తరం చదివాక కోపం పట్టలేక ఫిర్యాదు పంపాను. పంపిన మర్నాడు అది చెల్లకూడదని మొక్కుకున్నాను. నువ్వు చెల్లనివ్వలేదు.

నీ ఉత్తరం వచ్చాక తీసుకెళ్ళి నీ మరదలి చేతిలో పెట్టాను. ఇక దాచలేను, ఆమె నన్ను నమ్మితే చాలు, అయిదేళ్ళు అయిదు రోజుల్లా గడుపుతాననుకున్నాను. పొయ్యి ముందు నిలబడి రెండుసార్లు చదివింది. చదివి నా వైపు చూసింది. చాలా రోజుల తర్వాత నా ముఖంలోకి చూసింది.

"ఆ పిల్ల చెయ్యి మీకు తెలియకుండా ఉంటుందా?" అంది.

నేను ఉత్తరం వెనక్కి తీసుకోబోయాను. ఇవ్వలేదు.

"మీకు మొదటి రోజే తెలుసు."

"తెలుసు."

"మా నాన్న శవం ఇంకా దొరకని రోజుకే తెలుసు. మీరే చంపారని నేను రెండు నెలలకి పైగా అనుకుంటుంటే, అనుకోనిచ్చారు. నేను ఆ పిల్లని పట్టిస్తానని కదా మీ భయం?"

అదే నా భయం.

"ఆ పిల్లకి ఇక్కడికొచ్చినప్పుడల్లా తల దువ్వింది నేను. మొదటి రోజే చెబితే, దాని పేరు ఎత్తొద్దని మీకంటే ముందు నేనే అనేదాన్ని. మీరు నన్ను అడగలేదు. మీ అక్క మిమ్మల్ని అడగలేదు. ఒక్క కడుపున పుట్టారు."

అంతే. ఉత్తరం మడిచి తన సంచిలో పెట్టుకుంది. మర్నాడు పిల్లల్ని తీసుకుని వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. నువ్వు నాకు చేసిందే నేను ఆమెకి చేశాను. నిన్ను తిడదామని కూర్చున్నప్పుడల్లా అక్కడికొచ్చి ఆగిపోతున్నాను.

ఈరోజు విచారణకి వచ్చింది. ఆఖరి బెంచీలో, ఒళ్ళో ఆ సంచితో కూర్చుంది. కిటికీ దగ్గరి ముగ్గురూ వచ్చి, "ఏ కబురూ లేదు, నిశ్చింతగా వెళ్ళిరండి" అన్నానని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అబద్ధం చెప్పలేదు, అన్నాను. కాగితం ఏదని తీర్పు చెప్పే ఆఫీసరు అడిగాడు. కాల్చేశానన్నాను. పెద్దాఫీసు కాగితం ఏదన్నాడు. మీ రిజిస్టరు తెచ్చి చూపించారు, నీ సంతకంతో. ఇంత చక్కగా నడిపే రికార్డు గదిని నేను చూడలేదని ఆఫీసరు మెచ్చుకున్నాడు. చివరికి, "పోయినవాళ్ళ తరఫున ఎవరైనా ఏమైనా చెప్పుకోవాలా?" అని అడిగాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె లేచింది. సంచి మీద చెయ్యి వేసింది. అప్పుడు నాకు పిచ్చుక గుర్తు రాలేదక్కా. బయటికి తియ్యి, తియ్యి అని లోపల్లోపల అరిచాను. నా మీద నాకున్న మంచి అభిప్రాయమంతా అక్కడితో పోయింది.

"ఏమీ లేదండీ" అని కూర్చుంది.

శిక్ష వేశాక ఈ గదిలోకి రెండు నిమిషాలు రానిచ్చారు. ఉత్తరం నా ముందు బల్ల మీద పెట్టింది. "ఇది మా దగ్గర ఉండకూడదు. ఎవరిదో వాళ్ళకి పంపెయ్యండి" అంది. పిల్లల్ని చూపించడానికి జైలుకి తీసుకొస్తావా అని అడిగాను. "వాళ్ళు అడిగితే చూద్దాం" అని వెళ్ళిపోయింది.

పిచ్చుక నన్ను తిట్టుకుంటూ అన్నం తింటోందన్నావు. తిననివ్వు.

నీ ఉత్తరం ఈ కవరులోనే పెడుతున్నాను. పన్నెండూ నలభై ఎనిమిది అని రాసి ఉన్న కాగితం లోకంలో ఇది ఒక్కటే మిగిలింది. దీన్ని ఎన్ని రోజులు ఉంచాలో, ఎప్పుడు కాల్చాలో ఏ ఉత్తర్వులోనూ లేదు. అప్పీలుకి ముప్పై రోజులు ఇచ్చారు. నేను చేసుకోను. నా తరఫున ఇంకెవరైనా చెయ్యొచ్చట, దగ్గరి బంధువులైతే చాలునట.

బండి వచ్చింది.

తమ్ముడు.